ఆఖరి ముడి

మా ఊళ్ళో పుట్టబోయే బిడ్డకి ముందుగా ఏదీ కుట్టేవారు కాదు. కడుపుతో ఉన్న పిల్ల పుట్టింటికి వచ్చి వీధరుగు మీద కాళ్ళు బారచాపుకు కూర్చున్నా, నెలలు నిండి మంత్రసాని రోజు విడిచి రోజు వచ్చి చూసి వెళుతున్నా, ఆ ఇంట్లో బుల్లి జుబ్బా గానీ టోపీ గానీ ఒక్కటి కంటపడేది కాదు. అలాంటిది, లోపల్నుంచి కేరుమని ఏడుపు వినపడిన కాసేపటికల్లా పొత్తిగుడ్డలు, జుబ్బాలు, చిన్న బొంతలు, ఆవాల దిండు, లేసు టోపీ అన్నీ ఒక చేటలో పేర్చి పురిటిగది గడప దగ్గరికి వచ్చేసేవి. అవి ఎక్కణ్ణుంచి వచ్చేవో, సూదిలో దారం ఎక్కించే పని నాకు అప్పజెప్పాక గానీ తెలియలేదు.

మామ్మ అన్నీ ముందే కుట్టేసేది. కుట్టి, ప్రతిదానికీ ఆఖరి ముడి ఒక్కటీ వెయ్యకుండా వదిలేసేది. జుబ్బాకి జానెడు దారం వేళ్ళాడుతూ ఉండేది, టోపీ అంచు అల్లిక ఊడిపోకుండా పిన్నీసు గుచ్చి ఉండేది, బొంత ఒక మూల రెండంగుళాలు కుట్టకుండా నోరు తెరుచుకుని ఉండేది. "ముడి పడితే గదే కుట్టినట్టు, ఇదింకా ఉత్త గుడ్డే" అనేది. ఆచారం ఆవిడ నమ్మిందే, దాటుతున్నదీ ఆవిడే, కానీ దాటుతున్నానని ఒప్పుకునేది కాదు. ఆ సగం సగం బట్టలన్నీ మంచం కింద ట్రంకుపెట్టెలో, వేపాకు మడతల మధ్య, ఎవరి పేరూ పెట్టుకోకుండా పడి ఉండేవి.

మాది నరసాపురం దాటి మొగల్తూరు వైపు వెళ్ళే దారిలో ఒక ఊరు. ఒక పక్క కాలువ, ఒక పక్క కొబ్బరితోటలు, దక్షిణపు గాలి తిరిగితే ఇంట్లోకి ఉప్పు వాసన. ఎండాకాలం కాలువ కట్టేస్తే అడుగున బురద ఎండి బీటలు వారేది, నీళ్ళు వదిలిన రోజున ఎర్రటి నురగతో వచ్చే తొలినీటిని చూడ్డానికి పిల్లలమంతా గట్టు మీదే ఉండేవాళ్ళం. డెబ్బైల్లో మాట ఇది. పొద్దున్న మగవాళ్ళు పొలాలకీ తోటలకీ వెళ్ళిపోయాక, వంటలయ్యి, అన్నాలయ్యి, అంట్లు బూడిదతో తోమి బోర్లించాక, ఏ అరుగు మీద చూసినా నలుగురైదుగురు ఆడవాళ్ళు చేతిలో కొక్కెం సూదితో కూర్చుని ఉండేవాళ్ళు. తల ఎత్తకుండా అల్లుతూనే ఊళ్ళో కబుర్లన్నీ చెప్పుకునేవాళ్ళు, చేతులు మాత్రం వాటి దారిన అవి పోతూ ఉండేవి.

లేసు మా వైపు అన్నం పెట్టిన పని. నరసాపురానికి 1830ల్లోనే ఇంగ్లండు నుంచి మిషను వాళ్ళు వచ్చారు, వాళ్ళ వెనక వచ్చిన దొరసానులు ఎవరో ఈ అల్లిక నేర్పారని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. "దొరసాని నేర్పింది పువ్వొకటే, దాన్ని తీసుకొచ్చి పసిబిడ్డ నెత్తిన పెట్టింది మాత్రం మనమే" అని మామ్మ గొప్పగా అనేది. దొరల పిల్లలూ లేసు టోపీలు పెట్టుకున్నారని ఆవిడకి చెప్పే ధైర్యం అప్పుడు ఎవరికీ లేదు, నాకు తెలిసేసరికి చెప్పడానికి ఆవిడ లేదు.

ఏజెంటు సైకిలు మీద వచ్చేవాడు. దారం లెక్కగా ఇచ్చి, ఎంత దారం అల్లితే అంతకి డబ్బు లెక్కగట్టేవాడు. ఒకరు పువ్వులు అల్లితే ఇంకొకరు వాటిని కలిపి అతుకుపని చేసేవారు, ఆ అతికినవన్నీ నరసాపురం చేరి, ఉతుకులు, ఇస్త్రీలు అయ్యి, టేబులు గుడ్డలుగా, దుప్పట్లుగా సముద్రం దాటిపోయేవి. తాను అల్లిన పువ్వు ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరుచుకుందో మామ్మకి తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. దారం ఉండ దొర్లిపోకుండా ఇత్తడి చెంబులో వేసుకునేది. అల్లేముందు చేతులు కడుక్కుని పొడిగుడ్డతో తుడుచుకునేది, మధ్యలో చెమట పడితే మళ్ళీ తుడుచుకునేది. తెల్లదారం మాసిందంటే ఏజెంటు డబ్బు కోసేస్తాడు మరి. ఆ ఉప్పుగాలికి సూదులు ఇట్టే తుప్పు పట్టేవి, అందుకని కొబ్బరినూనె గుడ్డలో చుట్టి పౌడరు డబ్బాలో పెట్టి మూత బిగించేవాళ్ళు. ఇప్పటికీ కొబ్బరినూనె వాసనలో సన్నగా ఇనుము వాసన కలిసి వస్తే, నాకు మామ్మ ఒడే గుర్తొస్తుంది.

పిల్లల టోపీలకి మాత్రం ఏజెంటు దారం ముట్టుకునేది కాదు. మిగిలిన ముక్కలు కూడా. నరసాపురం బజారుకి ఎవరు వెళ్ళినా కొంగున ముడేసిన డబ్బులు విప్పి ఇచ్చి, సన్నదారం ఉండ ఒకటి తెమ్మనేది. "పసిబిడ్డ నెత్తి మీద పరాయి సొమ్ము పెట్టకూడదే" అనేది. పగలు ఏజెంటు లేసు, దీపాలు పెట్టాక పిల్లల లేసు, ఈ వరస ఏనాడూ తప్పలేదు. లాంతరు వెలుతురులో చత్వారపు కళ్ళకి సూదిబెజ్జం ఎక్కడ కనిపిస్తుంది? అందుకని సాయంత్రం వెలుతురుండగానే నేను పది పన్నెండు సూదుల్లో దారాలు ఎక్కించి, వసారా గుంజకి చుట్టిన గుడ్డలో వరసగా గుచ్చి పెట్టాలి. అదయ్యాకే ఆటకి వెళ్ళనిచ్చేది. కొక్కెం సూది పనికైతే బెజ్జం లేదు, దానికి మామ్మకి కళ్ళే అక్కర్లేదు, వేలికొసలతోనే అల్లేసేది.

బొంత కుట్టే రోజు మాకు పండగ. ముసురు పట్టి పొలం పనులు ఆగిన రోజు చూసుకుని, దొడ్డమ్మ పాతచీరల మూట విప్పేది. ఏ చీర పడితే ఆ చీర పనికిరాదు. కొత్తది అసలే పనికిరాదు, నేతచీర ఏళ్ళ తరబడి ఉతుకులు తిని తిని మెత్తబడి ఉండాలి, కట్టుకున్నామె పిల్లల తల్లి అయి ఉండాలి, ఆ ఇంట్లో నలుగురూ చల్లగా ఉండాలి. వీధి చివర ఎనమండుగురిని కని, ఎనమండుగురినీ పెంచుకున్న ముసలామె ఒకరుండేవారు. ఆవిడ చీర చిరిగిందంటే చాలు, మా ఇంట్లోనూ పక్కింట్లోనూ పోటీ. చీర అంచు తెగ్గోసి పక్కన పెట్టి (ఆ అంచు తర్వాత ఉయ్యాల తాడుకి చుట్టడానికి పనికొచ్చేది), మధ్య గుడ్డని కుంకుడుకాయ రసంలో నానబెట్టి, గంజి అన్న మాట లేకుండా ఉతికి, ఎండ కాసినప్పుడల్లా ఆరేసి, పొరలు పొరలుగా నేల మీద పరిచేవాళ్ళు. అడుగున తాతయ్య పంచె, దాని మీద రెండు చీర పొరలు, పైన ఇంకో మెత్తటి పొర. గుడ్డ కదలకుండా నాలుగు మూలల మీదా నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టేవాళ్ళు. కదిలితే దొడ్డమ్మ చేతిలో కొలకర్ర ఉండేది. కుట్టు నడిమధ్య మొదలెట్టి అంచుల వైపు పోవాలి, అంచు నుంచి మొదలెడితే మధ్యలో గుడ్డ ఉబ్బి ముడత పడుతుంది, ఆ ముడత బిడ్డ వీపుకి గుచ్చుకుంటుంది. బయట వాన, పెంకుల మీంచి చూరునీళ్ళు, లోపల పాతచీరల్లోంచి పసుపు, ఆముదం, పొయ్యి పొగ అన్నీ కలిసిన ఒక వాసన, మధ్యలో వేయించిన వేరుశనక్కాయలు. నా మూల మీద కూర్చునే నేను నిద్రపోతే, లేపకుండా నా చుట్టూ కుట్టుకుంటూ పోయారని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

జుబ్బాలకి తాతయ్య పంచెలే. బిడ్డ ఒంటికి గుండీ గానీ హుక్కు గానీ తగలకూడదు, వెనక రెండు గుడ్డదారాలు ముడేసుకునేలా ఉండాలి. ఇంకో సంగతి, కుట్లన్నీ పైకే ఉండేవి. లోపలి వైపు నున్నగా, పైవైపు మడతలూ దారాలూ. చూసేవాళ్ళకి తిరగేసి తొడిగినట్టే ఉంటుంది. కొత్తగా కాపరానికొచ్చిన కోడళ్ళు ఎవరైనా దాన్ని సరిచేయబోతే మామ్మ నవ్వేది. "చొక్కా చూసేవాళ్ళకి కాదమ్మా, తొడుక్కునేవాడికి" అనేది. బారసాలనాటికి మేనత్త తెచ్చే పట్టు జుబ్బాకి మాత్రం కుట్లు లోపలికి ఉండేవి. ఆ పూటంతా బిడ్డ ఏడుస్తూనే ఉండేది కూడా.

ఆవాల దిండు దొడ్డమ్మ సొంత విద్య. కొత్త ఆవాలు ఎండబెట్టి, చెరిగి, మట్టీ రాళ్ళూ ఏరి, అరచేతుల మధ్య నలిపి పొట్టు ఊదేసేది. సంచీ సన్ననేత గుడ్డతో రెండు పొరలు, కుట్టు మీద కుట్టు, ఎందుకంటే ఒక్క ఆవగింజ జారినా అది పోయి బిడ్డ చెవిలోనో ముక్కులోనో పడితే ఇంకేమన్నా ఉందా? సంచీ నిండా పోసేది కాదు. కొంచెం వెలితిగా ఉంటేనే బిడ్డ తలకి కుదురుగా గుంట పడుతుంది, తల ఒకవైపు అణిగిపోకుండా గుండ్రంగా తేలుతుంది అని ఆవిడ లెక్క. కుట్టడం అయ్యాక దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి వినేది. ఆ గలగల ఎలా ఉండాలో ఆవిడకే తెలుసు, నేను ఎన్నిసార్లు విన్నా అన్నీ ఒకలాగే వినిపించేవి. బిడ్డ కాస్త పెద్దయి దిండు అవసరం తీరాక ఆవాలు పారబోసేవాళ్ళు కాదు, దిష్టి తియ్యడానికి దాచేవాళ్ళు.

ఊలు మాట కూడా చెప్పాలి. మా పిన్ని మొగుడు ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం, ఆ రైల్వే కాలనీల్లో మనవాళ్ళు బోలెడంతమంది ఉండేవారు. పిన్ని అక్కడ ఇరుగుపొరుగు బెంగాలీ ఆడవాళ్ళ దగ్గర రెండు సూదుల అల్లిక నేర్చుకుని, ఒక సెలవుల్లో లేతపసుపు ఊలు ఉండలు సంచీనిండా తెచ్చింది. ఒక వరస సూటిగా, ఒక వరస తిరగేసి, పొడుగాటి సూదులు టకటకలాడిస్తూ అరుగు మీద కూర్చుంటే వీధంతా వచ్చి చూసింది. స్వెట్టరు, టోపీ, కాళ్ళకి బుల్లి మేజోళ్ళు. ముచ్చటగానే ఉన్నాయి గానీ మా ఊరి ఉక్కలో వాటిని ఎవరికి తొడగడం? ధనుర్మాసంలో తెల్లవారుజామున మంచు పడే నాలుగు రోజులూ తొడిగి, ఎండ రాగానే తీసేసేవాళ్ళు. ఆ స్వెట్టరు ఒక్కటే ఇంట్లో పుట్టిన పిల్లలందరికీ వరసగా సరిపోయింది, ఎవరూ దాన్ని మాసిపోయేదాకా తొడుక్కోలేదు గనక.

ఇవన్నీ మా ఇంటి పిల్లలకే అనుకునేరు. మంత్రసాని ముసలమ్మ ఏ పేటలో పురుడు పోసినా, తిరిగి వెళుతూ మా పెరటి గుమ్మం దగ్గర ఆగేది. ఆడపిల్లో మగపిల్లాడో చెప్పి, తమలపాకులు నములుతూ కూర్చునేది. మామ్మ ఏమీ అడగకుండా పెట్టె తెరిచి, ఒక బొంత, రెండు జుబ్బాలు, ఒక టోపీ తీసి, అక్కడికక్కడే దారాలకి ముడులేసి, మిగిలిన దారం పంటితో కొరికేసేది. దూరమైతే ముసలమ్మే పట్టుకెళ్ళేది, దగ్గరైతే నన్ను పంపేవాళ్ళు. చాకలివాళ్ళ ఇంటికీ, కొబ్బరికాయలు దింపేవాళ్ళ ఇంటికీ, రెడ్డి గారింటికీ కూడా అవే బొంతలు, అదే లేసు. పైసా పుచ్చుకునేది కాదు, కానీ వట్టి చేత్తో ఎవరూ నన్ను తిరిగి పంపేవాళ్ళూ కాదు. ఒకరు గుమ్మడి పువ్వులు, ఒకరు పీతలు, ఒకరు ఆనపకాయ. పీతలు తెచ్చిన రోజు ఎవరింట బిడ్డ పుట్టిందో ఇంట్లో చెప్పక్కర్లేకపోయేది.

పంపినవి పోగా పెట్టెలో ఎప్పుడూ కొన్ని ఉండాల్సిందే. ఆ పెట్టె ఖాళీ అవడం నేను ఒక్కసారే చూశాను. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమని ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టేసింది. మా వైపు గాలీ వానా అయ్యాయి, కొబ్బరిచెట్లు పడ్డాయి, కరెంటు పోయింది, అంతవరకే. తర్వాత రోజుల్లో ఒక్కొక్క కబురే వచ్చేకొద్దీ పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం మొదలెట్టారు. కాలేజీ కుర్రాళ్ళు ఎడ్లబండి మీద బియ్యం, బట్టలు పోగుచేసుకుంటూ వీధివీధీ తిరిగారు, మర్నాడు పొద్దున్న మా వీధికి వస్తామన్నారు. ఆ రాత్రి మామ్మ ట్రంకుపెట్టె నడివసారాలో పెట్టి బోర్లించింది. దొడ్డమ్మ, అమ్మ, పక్కింటివాళ్ళు రెండు లాంతర్ల చుట్టూ కూర్చున్నారు. వేళ్ళాడే దారాలన్నిటికీ ముడులు, తెరుచుకున్న మూలలన్నిటికీ కుట్లు, పిన్నీసులు తీసి టోపీల అంచులన్నిటికీ కొసలు. అప్పుడు మా చిన్నపిన్నికి నెలలు నిండి ఉన్నాయి. ఆమెకని పక్కన పెట్టినవి కూడా అందులోనే ఉన్నాయని దొడ్డమ్మ గుర్తుచేసింది. "దీని బిడ్డ ఇంకా రావాలి. ఆ పిల్లలు వచ్చేసి ఉన్నారు గదే" అని మామ్మ ఆ టోపీకీ ముడేసేసింది. నేను సూదుల్లో దారాలు ఎక్కిస్తూనే ఉన్నాను, ఆ రాత్రి గుంజ మీద గుచ్చే పని లేదు, చేతిలోంచి చేతిలోకే.

చిన్నపిన్నికి ఆ వారంలోనే కొడుకు పుట్టాడు. చేటలో పెట్టడానికి ఇంట్లో ఒక్క గుడ్డ లేదు, తాతయ్య కట్టుకోబోతున్న పంచె లాక్కుని అందులో చుట్టారు. వాడికిప్పుడు బట్టతల, లేసు టోపీ పెట్టకపోవడం వల్లే ఇలా అయిందని పెళ్ళిళ్ళలో కనిపించినప్పుడల్లా నా మీద దెబ్బలాటకి వస్తాడు.

చాలా ఏళ్ళ తర్వాత, జర్మనీ నుంచి వచ్చిన మారియా మీస్ అనే ఆవిడ నరసాపురం లేసు అల్లే ఆడవాళ్ళ మీద 1982లో ఒక పుస్తకం వేసిందని తెలిసి సంపాదించి చదివాను. ఇంటిపనంతా చేసుకుని, ఆ పైన గంటల తరబడి అల్లి, దేశదేశాలకి సరుకు పంపిన ఆ ఆడవాళ్ళని పనివాళ్ళుగా కాక ఏదో తీరిక వేళ లేసు అల్లుకునే గృహిణులుగా లెక్కగట్టారని ఆవిడ రాసింది. ఆ మాట చాలా నిజం. చదువుతుంటే నాకు నవ్వూ వచ్చింది, ఎందుకంటే మామ్మకి నిజంగా తీరిక వేళ అంటూ ఒకటుండేది, అది లాంతరు వెలిగించాక మొదలయ్యేది, అందులో ఆవిడ మళ్ళీ లేసే అల్లేది. పగలు అల్లినదానికి ఏజెంటు చెప్పిన నమూనా, రాత్రి అల్లినదానికి తన ఇష్టం. ఒక టోపీకి మల్లెమొగ్గ అంచు, ఒకదానికి చేపపొలుసు అంచు, ఏదీ ఇంకోదానిలా ఉండేది కాదు. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు పేపర్లో వేసిన బొమ్మలన్నీ వెతికాను. అన్నీ బాగున్నాయి, చేపపొలుసు అంచు మాత్రం ఎక్కడా కనపడలేదు. దాన్ని అల్లడం నాకు వచ్చు. మా చెల్లెలికీ వచ్చు, అది నాకంటే సన్నగా అల్లుతుంది.

మోకాళ్ళు నేల మీద కూర్చోనివ్వడం లేదని బొంతలు మానేశాను గానీ, కుర్చీలో కూర్చుని టోపీలు, జుబ్బాలు ఇంకా చేస్తూనే ఉన్నాను. మా అపార్టుమెంటులో పైఅంతస్తు పిల్లకి పురుడొచ్చినా, పనమ్మాయి కూతురికి పురుడొచ్చినా ఒకటి వెళుతుంది. ఆవాల దిండు ఒకటి కుట్టి ఇస్తే మా డాక్టరమ్మాయి వద్దంది, పసిపిల్లల పక్కలో దిండు ఉండకూడదని ఇప్పుడు చెబుతున్నారట. సరేనని దాన్ని నా మెడకింద పెట్టుకున్నాను, హాయిగా ఉంది. దొడ్డమ్మ ఎందుకు చెవి దగ్గర ఊపేదో అర్థం కాకపోయినా నేనూ ఊపి చూశాను.

మొన్న డల్లాసులో మా అబ్బాయికి కూతురు పుట్టింది. తెలిసినవాళ్ళు వెళుతుంటే వాళ్ళ పెట్టెలో ఒక మూల నావి ఇరికించి పంపాను, ఆయనవి పాత పంచెలు మూడు చింపాను అందుకోసం. కోడలు వీడియోలో పిల్లని ఎత్తుకుని చూపించింది. చూపించి, కాస్త మొహమాటపడుతూ, "అత్తయ్యా, ఈ జుబ్బాలన్నీ తిరగబడి కుట్టినట్టున్నాయి, తిప్పి తొడగనా?" అంది. వెనకాల మా వియ్యపురాలు, ఆవిడది తణుకు, "ఒద్దొద్దు, అది అలాగే ఉండాలి" అని నాకంటే ముందే అరిచింది. ఫొటో తీసేటప్పుడు మాత్రం సరిగ్గా తిప్పి తొడగవచ్చనీ, తీసిన మరుక్షణం మళ్ళీ మార్చెయ్యాలనీ మేమిద్దరం ఫోన్లోనే తీర్మానం చేసేశాం. ఆ ఫొటో ఇంకా పంపలేదు.